చూసినంత మేరకు

గుడ్ మార్నింగ్ అని చెప్పే నోరు నాది కాదనిపిస్తోంది పొద్దుటి నుంచి. ఎదుట ఫోన్ బోర్డు మీద లైటు వెలిగితే చాలు, వేలు దానంతట అదే వెళ్ళి నొక్కుతోంది, నోరు దానంతట అదే కంపెనీ పేరు పలుకుతోంది, నేను మాత్రం లోపలెక్కడో సోమేశ్వరరావు గారి గొంతు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఆయన పబ్లిక్ ప్రాసిక్యూటరు. నా తమ్ముడు జాన్సన్ తన భార్య కెజియాను చంపాడన్న కేసు నడుపుతున్నది ఆయనే. ఆ కేసులో నన్ను సాక్షిగా పిలవొచ్చా, పిలవకూడదా అని ఊరికి ఆ చివరున్న జిల్లా కోర్టులో ఇప్పుడే, నేనిక్కడ నవ్వు ముఖం పెట్టుకుని కూర్చున్న ఈ గంటలోనే, వాదించుకుంటున్నారు. జడ్జిగారు ఒప్పుకుంటే ఫోన్ వస్తుంది, ఈ మధ్యాహ్నమే వెళ్ళి బోనెక్కాలి. ఒప్పుకోకపోయినా ఫోన్ వస్తుంది, అప్పుడు సాయంత్రం దాకా ఇక్కడే కూర్చోవచ్చు, ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు, తమ్ముడి మీద నోరు విప్పని అక్కగానే ఉండిపోవచ్చు. రెంటిలో ఏది కావాలో నాకే తెలియడం లేదు. పొద్దున కూకట్‌పల్లిలో బస్సెక్కి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను, ప్రభువా అన్నాను, ఏమడగాలో తోచక అలాగే మాదాపూర్ దాకా ప్రభువా ప్రభువా అనుకుంటూ వచ్చాను. కండక్టరు నిద్రపోతున్నాననుకుని భుజం తట్టి దింపాడు.

లైటు. మేనేజరు వేణు కోసం ఎవరో. కలిపాను. మళ్ళీ లైటు, రాంగ్ నంబరు. వేణు ఇందాకే తలుపు తీసి, "స్టెల్లా గారూ, అమెరికా కాల్ వస్తది, ఒక లైను జర ఖాళీగ ఉంచండి, మీ పర్సనల్ కాల్స్ తర్వాత," అని చెప్పి వెళ్ళాడు. పర్సనల్ అంటే ఏమిటో ఈ అబ్బాయికి నేను చెప్పలేదు. చెబితే జాలిపడతాడు, జాలిపడి మర్నాటి నుంచి మనిషిని చూసినట్టు కాక కేసును చూసినట్టు చూస్తాడు. ఈ టవరులో ఎవరి పరేషాన్ వాళ్ళది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఏడాది మరిచిపోయి వెనక్కి పోతాయట, అలా పోకుండా ఈ పిల్లలంతా రాత్రింబగళ్ళు కూర్చుని సరిచేస్తున్నారు. వెనక్కి పోతే పోనివ్వండి నాయనా అనాలనిపిస్తుంది నాకు. నిరుడు ఎండాకాలానికి పోతే చాలు నాకు. కెజియా కూకట్‌పల్లిలో మా ఇంట్లో చాప మీద పడుకుని మిరపకాయ బజ్జీ నమిలి కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వుతూ ఉంటుంది, జాన్సన్ ఇదే బిల్డింగులో నిచ్చెన మీద నిలబడి వైర్లు లాగుతూ ఉంటాడు. ఈ బోర్డుకు లైన్లు ఇచ్చింది వాడే. రిసెప్షనుకు మనిషి కావాలంటున్నారక్కా, నీ గొంతు మంచిగుంటది అని నన్నిక్కడ చేర్పించిందీ వాడే. వాడు వేసిన వైర్లలోంచే వాడి సంగతి నాకు తెలియాలి, ఎంత బాగుందో చూడండి.

సోమేశ్వరరావు గారు నిదానస్తుడు. మొన్న ఆయన ఆఫీసులో కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఇందులో చిక్కుందమ్మా. ఆ రోజు చెరువు పక్క బండ మీద ఏం జరిగిందో చూసినవాళ్ళు లేరు. ఆవిడ జారిపడిందని అతనంటున్నాడు. మీరు చెప్పేది అంతకుముందు అతను కొట్టడం గురించి. పాత దెబ్బలు వేరు, ఈ చావు వేరు, మనిషి చెడ్డవాడని చూపించి నేరం అంటగట్టకూడదని వాళ్ళ లాయరు లేచి నిలబడతాడండి. చట్టంలో ఆ మాట ఉంది కూడాను." మరైతే నేనెందుకండీ అన్నాను. "మనం అనేది అతను చెడ్డవాడని కాదు. వాళ్ళిద్దరి మధ్యా ఏముండేది, ఆవిడ భయంతో బతికిందా లేదా, అది జడ్జిగారికి తెలియాలి కదండీ. మీరు కళ్ళతో చూసినంత మేరకు చెప్పండి. ఒక్క ముక్క ఎక్కువొద్దు." పోలీసుల సాక్షుల్లో నా పేరు లేదు, ముద్దాయి అక్కను ఎవరడుగుతారు, నా అంతట నేనే వెళ్ళాను కనుక ఇప్పుడు కొత్తగా అనుమతి కావాలి. వాదనలప్పుడు సాక్షి లోపల ఉండకూడదట, ఆఫీసుకే వెళ్ళి కూర్చోమన్నాడు. ఆ రాత్రి మా ఆయన కిరణ్ పాల్‌కు ఇదంతా చెబితే, నీ ఇష్టం అన్నాడు. మంచివాడే, కానీ నీ ఇష్టం అన్న మాటంత బరువైనది ఇంకొకటి లేదని ఆయనకు తెలియదు.

మనిషి చెడ్డవాడని చూపించి. అది కోర్టు వాళ్ళు కనిపెట్టిన భయమనుకున్నాను గానీ, నా భయమూ సరిగ్గా అదే. నేను చూసింది కొట్టడం. తోయడం చూడలేదు. కొట్టాడని నేను చెప్పగానే జడ్జిగారు మనసులో తోశాడని రాసుకుంటే? తోయకపోయి ఉంటే? నిజంగానే జారి ఉంటే, నా నోటి మాటతో నా తమ్ముడు జైలులో ముసలివాడైపోతే? అట్లాగని చెప్పకపోతే, తోసి ఉంటే? అప్పుడు ఆ పిల్లను నేనూ ఒక చెయ్యి వేసి తోసినట్టే కదా.

లైటు. నొక్కాను. అమ్మ. కోర్టు ఎదుటి ఎస్టీడీ బూత్ నుంచి. ప్రతి వాయిదాకూ ఖాజాగూడ నుంచి బస్సులు మారి వెళుతుంది, టిఫిన్ డబ్బాలో కొడుకుకి అన్నం తీసుకుని. పోలీసులు తినిపించనిస్తే తినిపిస్తుంది, లేకపోతే అదే డబ్బా మళ్ళీ మోసుకొస్తుంది. "మొదలైంది బిడ్డా. ఇద్దరు వకీళ్ళు ఇంగ్లిష్ల కొట్లాడుతుండ్రు, నాకేం సమజైతలేదు. జడ్జిసారు గడ్డం కింద చెయ్యి వెట్టుకొని వింటుండు. తమ్ముడు నీ గురించే అడిగిండు, అక్క మంచిగున్నదా అని. మొఖం గుంజుకపోయింది వానికి." నేను ఊ అన్నాను. ఎదురుగా సోఫాలో ఎవరో టై కట్టుకున్నాయన కూర్చుని నన్నే చూస్తున్నాడు. "ఏం మాట్లాడవేందే?" అంది అమ్మ. ఆఫీసుల ఉన్ననమ్మా అన్నాను, పెట్టేసింది. ఎస్తేరు అని బైబిల్లో రాణి పేరు పెట్టుకున్నందుకు తగ్గట్టు మా అమ్మ రాణిలాగే నడిచేది, బడిలో ఆయా పని చేసినా నడక మాత్రం అలాగే ఉండేది. ఈ మధ్య నడుస్తుంటే పక్కన గోడ ఉందేమోనని చెయ్యి చాపుతోంది.

అమ్మకు కోడలంటే ఎంత గొప్పో. అది మా అందరి గొప్ప, మా చర్చి సంఘం మొత్తం గొప్ప, తలచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ప్రార్థనలో ఆడవాళ్ళం చెంగు తలమీద కప్పుకుంటాం, ఆమెన్ అనగానే దించేసి విసనకర్ర అందుకుంటాం, ఎండాకాలంలో అయితే ఆమెన్ ఎప్పుడంటారా అనే ఎదురుచూస్తాం. కెజియా దించేది కాదు. వంటింట్లో అంట్లు తోముతున్నా, నీళ్ళు మోస్తున్నా, చెవులు మెడ కప్పేసేలా చెంగు చుట్టుకునే ఉండేది, ఉపవాస ప్రార్థన రోజయితే సాయంత్రం దాకా. చెమట కారిపోతున్నా సరే. పాస్టరమ్మగారు పెళ్ళి కావలసిన పిల్లలను నిలబెట్టి, కెజియాను చూసి నేర్చుకోండే అనేది. అమ్మ వాకిట్లో కూర్చుని, "గిసుంటి భక్తి ఉన్న కోడలు ఎవలికి దొరుకుతదమ్మా, తల మీది ముసుగు తియ్యదు," అని అందరికీ చెప్పుకునేది. నేను మాత్రం తక్కువ తిన్నానా, ఇక్కడ మధ్యాహ్నం అన్నాల దగ్గర కూడా చెప్పేదాన్ని, మా తమ్ముడి భార్య ఎంత దైవభక్తురాలో. ఆ పిల్ల వినిందేమో ఈ మాటలన్నీ. వినే ఉంటుంది. అంత మంది పొగుడుతుంటే ముసుగు ఎలా తీస్తుంది, ఎవరి ముందు తీస్తుంది? దెబ్బలు దాచుకోవడానికి కప్పుకుంది, మేము భక్తి అని పేరుపెట్టి తియ్యకుండా కట్టేశాం.

సక్కుబాయి చాయ్ తెచ్చింది. ఈ టవరు ఊడ్చేది ఆమే. "ఏందమ్మా, మొఖం గట్లున్నది? జర తాగు, ఫికర్ జెయ్యకు," అని గ్లాసు పెట్టి వెళ్ళింది. దేనికి ఫికరో అడగనుకూడా లేదు, ఆడవాళ్ళకు ఏదో ఒకటి ఉండే ఉంటుందని ఆమె లెక్క. చాయ్ మీద మీగడ కడుతుంటే చూస్తూ కూర్చున్నాను. కెజియా ఇలా మీగడ కట్టనిచ్చేది కాదు, పొగలు కక్కుతుండగానే తాగేసేది, నాలుక కాలిందో వదినా అని నవ్వేది. నార్సింగి పిల్ల. వాళ్ళ నాన్న జ్ఞానప్రకాశం సారు ఒక్కగానొక్క కూతురని పాటలు నేర్పించి పెంచాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరు కోర్టులో ఆ పిల్ల పక్కటెముకల్లో పాత విరుగుళ్ళు ఉన్నాయని చెప్పినప్పుడు ఆ సారు నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఎప్పుడమ్మా ఇవి, అని అడిగాడు, అంతే, కూతురు ఎప్పుడు కింద పడిందో తనకు తెలియకుండా పోయిందే అన్నట్టు.

ఎప్పుడంటే ఒకటి నాకు తెలుసు. పక్కటెముకలవి తెలియవు. నేను చూసింది ఒక శనివారం, అమ్మ ఇంట్లో ఉపవాస ప్రార్థన, సాయంత్రం అందరికీ పెట్టడానికి వంట చేయాలని నేను ముందే వెళ్ళాను. పెరటి దారిన బిందె ఎత్తుకుని వస్తున్నాను. ఆ పొద్దున ఈశ్వరయ్య కిరాణా కొట్టుకు సైటు నుంచి జాన్సన్ కోసం ఫోన్ వచ్చిందట, కెజియా పరిగెత్తుకెళ్ళి, పడుకున్నడు సార్ అని చెప్పిందట. ఉన్నదున్నట్టు చెప్పింది పిచ్చిది. నా పరువు తీస్తవా అంటున్నాడు వాడు, గొంతు పెంచకుండా, ముందు గదిలో అప్పటికే ఆడవాళ్ళు చాపలు పరుస్తున్నారు కదా. జుట్టు పట్టుకుని ఉన్నాడు. ద్వారబంధానికేసి తల కొట్టాడు. ఆ పిల్ల అరవలేదు, అదీ నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది, అరవకుండా ఉండడం అలవాటైన మనిషిలా పళ్ళు బిగబట్టింది. బిందె ఎక్కడ పడేశానో తెలియదు. మధ్యలో దూరి వాణ్ణి తోసేశాను. "అక్కా, నువ్వు మధ్యల రాకు," అన్నాడు, అన్నవాడి ముఖం నేను ఎత్తుకుని పెంచిన ముఖమే, కళ్ళు మాత్రం కావు. కెజియా చెంగు సర్దుకుంది. చెవి పక్కన కమిలిపోయిన పాత మచ్చ అప్పుడే చూశాను, దాని పక్కన కొత్తది. "వదినా, ఎవలకి చెప్పకు, పాట సురువైతది," అంది. వెళ్ళి పాట ఎత్తుకుంది. గొంతు ఎక్కడా జీరపోలేదు.

ఆ సాయంత్రమే మా ఇంటికి తీసుకెళ్ళాను. ఉన్నన్ని రోజులూ ముసుగు లేకుండా తిరిగింది, జుట్టు విరబోసుకుంది. బట్టలారేయడానికి డాబా మీదికి రమ్మంటే మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయేది, ఎత్తంటే భయం వదినా, కళ్ళు తిరుగుతయ్ అని. తర్వాత జాన్సన్ వచ్చాడు, గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, దొంగ ఏడుపు కాదది, నాకు తెలుసు వాడి దొంగ ఏడుపు ఎలా ఉంటుందో. "మస్తు ఏడుస్తుండు వదినా, పోత," అంది. వెళ్ళింది.

డాబా ఎక్కని మనిషి ఆ ఆదివారం ఖాజాగూడ చెరువు మీది బండల అంచుకు ఎందుకెళ్ళింది? వాడు లాక్కెళ్ళి ఉండాలి. కాదు, వాడు సరదాగా పిలిస్తే కాదనలేక వెళ్ళి ఉండాలి. భయపడేవాళ్ళే కదా జారేది. ఆసుపత్రి వరండాలో వాడు నా కాళ్ళ మీద పడ్డాడు, చొక్కా అంతా రక్తం, కింద నుంచి రోడ్డు దాకా వాడే మోసుకొచ్చాడట. "జారిపోయిందక్కా, చెయ్యి పట్టుకుందమనుకున్న, అందలే," అన్నాడు. చెయ్యి అందలేదు అన్నప్పుడు వాడి చెయ్యి గాలిలోకి సాగింది, అదీ నటనేనా? తర్వాత నేనొక్కదాన్నే ఆ బండ ఎక్కి నిలబడ్డాను. ఎండకు పొడిగా ఉంది, చెప్పు జారలేదు. కానీ ఆవేళ మబ్బు పట్టిందేమో. రోజూ ఒకసారి వాడు తోసినట్టు చూస్తాను, ఒకసారి ఆమె జారినట్టు చూస్తాను, రెండుసార్లూ ఆమె పడిపోతూనే ఉంటుంది.

ఈల. బయట ఎర్ర జెండా ఊపుతున్నారు, పక్క స్థలంలో బండ పేల్చబోతున్నారు. సోఫాలో టై ఆయన ఉలిక్కిపడి లేచాడు. కూర్చోండి సార్, రోజూ ఉండేదే అన్నాను ఇంగ్లిష్‌లో. ఢామ్మని మోగి అద్దాలు అదిరాయి, చాయ్ గ్లాసులో వలయాలు లేచాయి. చిన్నప్పుడు రాళ్ళు కొట్టేవాళ్ళు మందు పెట్టినప్పుడల్లా జాన్సన్ పరిగెత్తుకొచ్చి నా ఒళ్ళో తల దూర్చేవాడు, అక్కా, చెవులు, అనేవాడు. రెండు అరచేతులతో మూసేదాన్ని. అంత చిన్న చెవులు. ఆ చెవులవాడికీ ఈ చేతులవాడికీ మధ్య ఎక్కడ తెగిందో నాకు ఎంత వెతికినా దొరకదు. నేనంటే ప్రాణం వాడికి. నాకూ వాడంటే ప్రాణమే, ఈ మాట ఈ క్షణంలో అనుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం. వాడంటే అసహ్యం కూడా, అదీ నిజమే.

పోనీ నోరు మూసుకుని ఉండేదాన్నే, పాస్టరమ్మగారు సాక్ష్యం చెప్పిన రోజు లేకపోతే. వాళ్ళ లాయరు పిలిపించాడు ఆమెను. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు, ఒక్క అక్షరం అబద్ధం ఆడలేదు. "కెజియా పూర్తిగా సంతోషంగా ఉండేదండి. భర్త మీద ఒక్క మాట ఎన్నడూ చెప్పలేదు. తల మీద ముసుగు తీసేది కాదు, అంత భక్తి," అంది. జడ్జిగారు తలాడించి రాసుకున్నారు. వెనక బెంచీలో మా సంఘం ఆడవాళ్ళంతా ఔనౌనని తలలూపారు. ఆ పిల్ల దాచుకున్న గుడ్డనే తీసుకొచ్చి ఆ పిల్ల కాపురం బాగుందని చెప్పడానికి పరిచారు. చచ్చాక కూడా ఆమె చేత కప్పిస్తున్నాం. ఆ రోజు కోర్టు మెట్లు దిగి బస్టాపుకు నడుస్తున్నదాన్ని, కాళ్ళు వాటంతటవే సోమేశ్వరరావు గారి ఆఫీసు వైపు తిరిగాయి. తోశాడో లేదో తేల్చడానికి నేనెవర్ని? కానీ ఆ పిల్ల సుఖంగా ఉండేదని రాసుకున్న ఆ ఒక్క ముక్క తప్పు, దాన్ని తప్పని చెప్పగల మనిషి భూమి మీద ఇప్పుడు నేనొక్కదాన్నే. జడ్జిగారు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే బాగుండు. ఒప్పుకోవాలి.

లైటు. లైటు వెలిగి ఎంతసేపయిందో, వేణు తలుపు సందులోంచి చూస్తున్నాడు. నొక్కాను. గుడ్ మార్నింగ్ అన్నాను, కంపెనీ పేరు సగంలో ఆగిపోయింది. అవతల రొప్పు. అమ్మ, పరిగెత్తి వచ్చినట్టుంది.

"ఒప్పుకున్నడు బిడ్డా. వకీలు జెప్పిండు. నువ్వు కండ్లతోని చూసింది చెప్పొచ్చునట."

రెండో లైటు వెలిగింది. సోమేశ్వరరావు గారే అయి ఉంటారు. మూడోదీ వెలిగింది, అది వేణు అమెరికా.

"నువ్వు వొచ్చి వాడు కొట్టిండని చెప్పంగనే ఏమనుకుంటరు?" అంది అమ్మ. "కొట్టినోడు నూకకుంటడా అనుకుంటరు. వాడు నూకిండని నువ్వు చూసినవా?"

"చూడలేదమ్మా. అది గూడ చెప్త. కొట్టింది చూసిన, నూకింది చూడలే అని రెండు చెప్త."

"రెండోది ఎవలు వింటరే?" అమ్మ గొంతు పగిలింది. బూత్ అతను ఏదో అంటున్నాడు వెనక, కోర్టు ముందు ఆటోల మోతలు వినిపిస్తున్నాయి. ఎంతసేపో ఏడ్చింది. అమ్మ ఏడుస్తుంటే నేను వినగలిగిన మనిషినేనా అని నాకే ఆశ్చర్యం. ఆమె కూడా ఆ ద్వారబంధం దాటి రోజూ తిరిగింది కదా, ఆమెకు ఏమీ తెలియదా అని అడగాలనిపించింది, అడగలేదు. సమాధానం విని తట్టుకోగలనని నమ్మకం లేదు. వేణు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. హెడ్‌సెట్ ఒక చెవి మీంచి తీసి, నేను వెళ్ళాలి సార్ అన్నాను. ఇప్పుడా అన్నాడు. ఇప్పుడే అన్నాను. లేచి నిలబడ్డాను.

"బిడ్డా, ఒక్కటి జెప్పు," అంది అమ్మ, ముక్కు ఎగబీలుస్తూ, నెమ్మదిగా. "నీకు తమ్ముడు గావాల్నా, వద్దా?"

"కావాలె అమ్మా," అన్నాను. "బయల్దేరుతున్న."